పాలపిల్ల బోటికి నూగుండదు

ఆదివారం బోటి తెచ్చుకుని ఇంట్లోనే శుభ్రం చేసుకునేవాళ్లకి తెలిసిన సంగతే. సున్నం రాసి, వేడినీళ్లు పోసి గీకుతుంటే పొట్ట లోపలివైపు తువాలు గుడ్డలాగా గరుగ్గా తగులుతుంది. నల్లటి నూగు. అది పోయేదాకా గీకడమే అసలు పని. చాలా ఏళ్ల కిందట, వింజమూరు దగ్గర మా అమ్మమ్మవాళ్ల ఊళ్లో, రెండు వారాల మేకపిల్లని ఆటో గుద్దేసింది. చచ్చిపోయిన పిల్లని కోశారు. అమ్మమ్మ దాని పొట్ట లోపల వేలితో రాసి చూసి, "దీనికి గీకేదానికి ఏముందిరా, నున్నగా ఉంది" అంది. లేత పిల్ల కదా, అందుకేలే అనుకున్నాం. నేను సొంతంగా నాలుగు మేకల్ని పెట్టుకున్నాకగానీ ఆ నునుపు సంగతి నాకు అర్థం కాలేదు.

నెమరేసే జంతువు పొట్టకి నాలుగు అరలుంటాయి. పెద్ద మేకలో మొదటి అర, అంటే రూమెన్, మొత్తం పొట్టలో దాదాపు 80 శాతం తనే ఆక్రమించుకుంటుంది. నిజానికి అది పులియబెట్టే కాగు. రేగాకు, తుమ్మకాయ, ఎండు వేరుశనగ కట్టె, ఏదైనా అందులో నానాల్సిందే. లెక్కలేనన్ని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. మేక ఒంటికి శక్తి చాలావరకు ఆ ఆమ్లాల నుంచే వస్తుంది. వాటిని పీల్చుకునేది మనం బోటిలో గీకి పారేసే ఆ నూగే.

పుట్టిన పిల్లకి ఈ కాగు ఇంకా పనిలోకి రాదు. పిల్ల చన్ను చీకడం మొదలుపెట్టగానే గొంతు గొట్టం చివర రెండు మడతలు దగ్గరికొచ్చి కాలవలా ముడుచుకుంటాయి. పాలు రూమెన్‌లో పడకుండా నేరుగా నాలుగో అరలోకి జారిపోయి, అక్కడ గడ్డకట్టి అరుగుతాయి. చీజ్ చేసేవాళ్లు పాలు విరగ్గొట్టడానికి తరతరాలుగా వాడిన రెన్నెట్ ఇలాంటి పాలు తాగే దూడల, మేకపిల్లల నాలుగో అర నుంచి తీసిందే. అంటే మేకపిల్ల ఆ రోజుల్లో చూడటానికే మేక. లోపల మాత్రం మనలాగా ఒక్క పొట్ట జీవి.

మరి నూగు ఎప్పుడు మొలుస్తుంది? వయసొస్తే అదే వస్తుందిలే అనుకుంటాం. 1950లలో అమెరికాలో దూడల మీద చేసిన ప్రయోగాలు అది తప్పని తేల్చాయి. దూడల రూమెన్‌లో స్పాంజి ముక్కలు, ప్లాస్టిక్ పీచు లాంటివి పెట్టి చూశారు. సంచీ సాగిందిగానీ నూగు సరిగ్గా రాలేదు. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల లవణాల్ని, ముఖ్యంగా బ్యుటిరేట్‌ని నేరుగా పోస్తే నూగు మొలిచింది. కాబట్టి మేత లోపలికి వెళ్లి పులిస్తేనే మేతని వాడుకునే శక్తి తయారవుతుంది. నాకు ఇది భలే తమాషాగా అనిపిస్తుంది. ఈత నేర్చుకున్నాకే చెరువులో దిగుతానంటే కుదరదు కదా, అలాంటిదే.

ఆ పులియబెట్టే సూక్ష్మజీవులు కూడా పిల్లకి పుట్టుకతో రావు. తల్లి నాకినప్పుడు, తల్లి కొరికిన కొమ్మని పక్కనే నిలబడి తనూ కొరికినప్పుడు అందుతాయి. అందుకే రెండో వారం నుంచే గంప కింద మూసిన పిల్లల దగ్గర ఒక అవిశ కొమ్మో సుబాబుల్ మండో వేలాడదీస్తే మంచిది. మొదట ఆటగా కొరుకుతాయి. మూడో వారానికి పడుకుని దవడలాడిస్తూ నెమరేస్తుంటాయి. పక్కన చిన్న మూకుట్లో పిడికెడు దాణా పెడితే, ముఖ్యంగా నలగ్గొట్టిన మొక్కజొన్న, నూగు ఇంకా తొందరగా వస్తుంది. బ్యుటిరేట్ ఎక్కువగా పుట్టేది గింజ పులిసినప్పుడే.

ఇప్పుడు పాలు మాన్పించే విషయానికొద్దాం. చాలామంది మూడు నెలలు అని ఒక తారీఖు పెట్టుకుంటారు. తప్పేం లేదు, మన నాటు మేకల్లో అది దాదాపు సరిపోతుంది. కానీ దాణా ముట్టని పిల్ల మూడు నెలలకి కూడా సిద్ధంగా ఉండదు. బాగా మేసే పిల్ల రెండు నెలలకే సిద్ధం. పుట్టిన బరువుకి కనీసం రెండున్నర రెట్లు ఉందా, రోజూ తృప్తిగా మేస్తోందా అన్నదే చూడాలి. పైగా తల్లి పాలు ఈనిన నాలుగు నుంచి ఆరు వారాలకి పతాకస్థాయికి చేరి, అక్కడి నుంచి తగ్గుతూ వస్తాయి. పిల్ల ఆకలి మాత్రం పెరుగుతూ పోతుంది. మూడో నెలలో పిల్ల పొదుగుని అంత గట్టిగా కుమ్మేది అందుకే.

ఇదంతా పిల్ల వైపు లెక్క. తల్లి వైపు లెక్క మా మావ దగ్గర నేర్చుకున్నాను. ఆయనకి ఉదయగిరి కొండ కింద ముప్పై మేకల మంద ఉంది. "రెండేళ్లకి మూడు ఈతలంట కదా మావా" అని పుస్తకాల మాట చెప్పాను. ఈత అంటే ఒక కాన్పు. చూడి 150 రోజులు, అంటే అయిదు నెలలు. ఎనిమిది నెలలకో ఈత కావాలంటే ఈనిన మూడు నెలల్లోపే మళ్లీ చూడి కట్టాలి. ఆయన ఏమీ అనకుండా ఒక మేకని దగ్గరికి లాగి, నా చెయ్యి పట్టుకుని దాని నడుము మీద పెట్టాడు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి, దువ్వెన పళ్లలాగా. "దీన్ని దాటిస్తావా అల్లుడూ?" అన్నాడు. పోతుతో కలుపుతావా అని.

నవంబర్‌లో ఈనిన మేక లెక్క ప్రకారం జూలైలో, తర్వాత మార్చిలో ఈనాలి. మన నెల్లూరు మెట్టకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. నవంబర్ ఈతకి కంపంతా చిగురేసి ఉంటుంది, తల్లికి మేతకి లోటుండదు. మార్చి ఈత అలా కాదు. పాలు ఎక్కువగా ఇవ్వాల్సిన ఏప్రిల్‌లో బీడు మీద సర్కారు తుమ్మకాయలు తప్ప ఏముంటాయి? ఆ ఈతని జూన్‌కి జరపడమే మేలని నా అభిప్రాయం. అంటే అక్టోబర్‌లో కాకుండా జనవరిలో దాటించాలి. లెక్క తప్పుతుంది, పోనీండి. మేక మిగులుతుంది.

పిల్ల చీకుతుండగా తల్లి ఎదకు రాదా అంటే, వస్తుంది, మేకల్లో అది మామూలే. కానీ చీకినప్పుడల్లా ఆ కబురు నరాల గుండా మెదడుకి వెళ్లి, అండం పండటానికి కావాల్సిన హార్మోన్ల తరంగాల్ని మందగింపజేస్తుంది. ఒంట్లో కొవ్వు లేకపోవడం కూడా మెదడులో అదే చోట బ్రేకు వేస్తుంది. బలమైన మేక ఒక బ్రేకుని తోసుకుపోతుంది, బక్క మేక రెండింటి కింద ఆగిపోతుంది. పిల్లని విడదీస్తే ఒక బ్రేకు తొలగుతుంది. రెండోది తీయాలంటే మేపాలి. దాటించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకో 200 గ్రాముల దాణా పెడితే ఎద బాగా వస్తుంది, కవల పిల్లలు పుట్టే అవకాశమూ పెరుగుతుంది.

ఇక్కడ ఒక తిరకాసుంది. విడదీసిన రోజే దాణా పెంచితే పొదుగులో పాలు ఆగవు. ముందు కొన్ని రోజులు దాణా ఆపి ఎండుగడ్డే వేయాలి. పొదుగు నిండింది కదా అని రోజూ పితకకూడదు. లోపల నిలిచిన పాల ఒత్తిడే పాల ఉత్పత్తిని ఆపుతుంది. ముట్టుకుంటే కాలుతున్నా, రాయిలా ఉన్నా అది పొదుగువాపు కావచ్చు, డాక్టర్‌ని పిలవాలి. పాలు ఇంకిపోయాకే మళ్లీ దాణా.

పోతుని కూడా ముందే దూరంగా కట్టేస్తే లాభముంది. చాలా రోజులు వాసన తగలని మేకల్లోకి దాన్ని ఒక్కసారిగా వదిలితే చాలా మేకలు కొద్ది రోజుల్లోనే ఎదకు వస్తాయి. జపాన్ శాస్త్రవేత్తలు పోతుల తలలకి ప్రత్యేకంగా టోపీలు కుట్టి తొడిగి, ఆ వాసనని పట్టి విడదీశారు. అందులో 4-ఇథైల్ఆక్టనల్ అనే పదార్థం ఆడమేక మెదడులో ఆ హార్మోన్ తరంగాల్ని లేపుతుందని 2014లో ప్రకటించారు. ఎద ఒకటి రెండు రోజులే ఉంటుంది, తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి.

మగపిల్లల సంగతి మాత్రం నాలాగా బద్ధకించకండి. ఇంకా పాలు తాగుతున్నాడులే అని నాలుగో నెలలో కూడా ఒక పోతుపిల్లని మందలోనే వదిలేశాను. వాడు చీకడంతో సరిపెట్టుకోలేదు. ఆరు నెలలు నిండని ఒక పెంటిపిల్ల, అంటే ఆడపిల్ల, చూడి కట్టి, ఈనలేక నానా యాతన పడింది. పిల్ల దక్కలేదు. మూడు నెలలకల్లా మగవాటిని వేరే దొడ్లో వేయాల్సిందే.

ఎలా విడదీయాలి అన్నదానికి ఊళ్లో రకరకాల పద్ధతులున్నాయి. పిల్ల మూతికి చిక్కం కడతారు, చన్నులకి వేపాకు ముద్ద రాస్తారు, పొదుగుకి సంచి తొడుగుతారు. మావ పద్ధతి వేరు. మధ్యలో ముళ్లకంపతో దడి కట్టి, తల్లుల్ని అటు, పిల్లల్ని ఇటు వేస్తాడు. ఒకదానికొకటి కనబడతాయి, వినబడతాయి, పొదుగు మాత్రం అందదు. పిల్లలు అలవాటైన దొడ్లోనే ఉంటాయి, మారేది తల్లులే. పోయినసారి నేను కూడా అలాగే చేశాను. మొదటి రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రెండో రాత్రికి తల్లుల గొంతులు తగ్గాయి. మూడో రాత్రి అసలు చప్పుడే లేకపోయేసరికి టెన్షన్ పడి టార్చి వేసుకుని వెళ్లాను. పిల్లలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుని, కళ్లు సగం మూసి, దవడలాడిస్తున్నాయి.