నానమ్మ చీటీ, ప్రభుత్వం చీటీ

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవులు అనఘకు, నిహాల్‌కు, మీ అపార్ట్‌మెంట్‌లో క్రికెట్ ఆడి కిటికీ అద్దాలు పగలగొట్టే మిగతా పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఉప్పల్‌లో మ్యాచ్ చూసి వచ్చిన రాత్రి అనఘ అడిగింది: "తాతయ్యా, ఒక్క ఆటకు ఇన్ని లైట్లు, ఇంత హంగామా చేయడానికి డబ్బుంది కదా, మరి లక్ష్మమ్మ ఆంటీకి ఇల్లు అంత దూరంలో ఎందుకు ఇచ్చారు?" వాళ్ల నాన్న "పడుకో" అన్నాడు. అది జవాబు కాదు. ఫోనులో చెబితే సగం విని సగం వదిలేస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పొడవుగానే ఉంటుంది, అన్నం తిన్నాక చదవండి.

లక్ష్మమ్మను ఎరగని పిల్లల కోసం రెండు మాటలు. ఆమె మా వీధిలో అయిదు ఇళ్లలో పని చేసేది. నాలా పక్కన రేకుల గదిలో అద్దెకు ఉండేది. వాన ముదిరితే బియ్యం డబ్బా మంచం ఎక్కేది, మనుషులు గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. 2023లో ప్రభుత్వం పేదలకు ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇళ్ల డ్రాలో ఆమె పేరు వచ్చింది. వీధి వీధంతా సంతోషించింది. తీరా చూస్తే ఇల్లు కొల్లూరులో, మాకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో. ఇప్పుడు మూడు ఇళ్లు మానేసి రెండింటికే వస్తోంది, అదీ చీకటితో బయల్దేరి.

ఇక ప్రశ్నకు వద్దాం. మీ నానమ్మ ఒకప్పుడు వీధిలో చీటీ నడిపేదని మీకు తెలుసా? ఇరవై మంది, నెలకు వెయ్యి. నెల మొదటి ఆదివారం అందరూ మా వరండాలో చేరి పాట పాడేవాళ్లు. ఇరవై వేలలో ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చీటీ వాళ్లది. వదులుకున్న సొమ్ము మిగతా వాళ్లకు పంపకం. ఎత్తుకున్నవాళ్లు చివరి నెల దాకా వాయిదా కట్టి తీరాలి. జామీను లేనిదే మీ నానమ్మ పైసా ఇచ్చేది కాదు, సొంత చెల్లెలైనా సరే.

ప్రభుత్వం దగ్గర ఉన్నది అలాంటిదే పెద్ద చీటీ. మీరూ అందులో సభ్యులే. బిస్కెట్ ప్యాకెట్ కొంటే జీఎస్‌టీ కట్టినట్టే. లక్ష్మమ్మ సబ్బు బిళ్ల కొన్నా కట్టినట్టే. క్రికెట్ జట్టును కొన్న కోటీశ్వరుడూ కడతాడు. కట్టేది అందరం, అందరికీ ఒకే నెలలో ఇవ్వడం కుదరదు.

తేడా ఎక్కడుందంటే, నానమ్మ చీటీలో గట్టిగా పాడేది అవసరం తరుముతున్నవాళ్లు. కూతురి పెళ్లో, ఆపరేషనో నెత్తి మీద ఉంటే తప్ప ఎవరూ అంత వదులుకోరు. ప్రభుత్వం చీటీలో గొంతున్నవాళ్ల పాటే వినపడుతుంది. "మన నగరం పేరు ప్రపంచమంతా మోగుతుంది" అని మైకులో పాడితే నాలా పక్కన రేకుల గది మాట ఎవరికి వినిపిస్తుంది? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. 2.8 కిలోమీటర్ల దారి. చూపిస్తావా చంపుతావా అని నిహాల్ ఆ వారమంతా ఏడ్చాడు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. దాని కోసం నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెల్లించిన సుమారు 55 కోట్ల రూపాయల మీద కేసు నడుస్తోంది. తప్పొప్పులు న్యాయస్థానం తేలుస్తుంది, మనకెందుకు? నానమ్మ అయితే ఒక్కటే అడిగేది: జామీను ఎవరు?

లండన్‌లోనూ ఎవరూ ఈ ప్రశ్న గట్టిగా అడిగినట్టు లేదు. 2012 ఒలింపిక్స్ స్టేడియాన్ని తర్వాత వెస్ట్‌హామ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుకు ఇచ్చారు. దాన్ని ఫుట్‌బాల్‌కు తగ్గట్టు మార్చడానికి 32 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయింది. క్లబ్బు పెట్టింది అందులో కోటిన్నర పౌండ్లు. ఏటా కట్టే అద్దె మొదట్లో పాతిక లక్షల పౌండ్లు. నానమ్మ ఆ క్లబ్బును వరండా మెట్లు ఎక్కనిచ్చేది కాదు. అదే లండన్‌లో, అవే ఆటల కోసం క్రీడాకారులకు కట్టిన ఊరిని మాత్రం తర్వాత సుమారు 2,800 ఇళ్లుగా మార్చారు. వాటిలో సగానికి దగ్గరగా తక్కువ ఆదాయం వాళ్లకు అందేలా ఉంచారు. దీనికి మాత్రం నానమ్మ తల ఊపేది.

మన ఐపీఎల్ సంగతి చూడండి. 2023 నుంచి 2027 దాకా అయిదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఈ అంకెను నోటుపుస్తకంలో సున్నాలన్నీ వేసి ఒకసారి రాయండి, చెయ్యి నొప్పి పుడుతుంది. బీసీసీఐ ప్రభుత్వ గ్రాంటు తీసుకోదు, అది ఒప్పుకోవాలి. అయినా ఉప్పల్ స్టేడియం ఉన్న నేల ప్రభుత్వం ఇచ్చినదే. ఇంత రాబడి ఉన్న ఇల్లు మన చీటీ పాటకు రావడం నాకు నచ్చదు. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు 2021-22లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగు ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. మీ నాన్న ఆ రాత్రి వీధిలో గంతులు వేశాడు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. యజమానిది, తీసుకెళ్లాడు. వాళ్లు ఆడిన గచ్చిబౌలి స్టేడియం మాత్రం ఇక్కడే ఉంది. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకు మన సొమ్ముతో కట్టింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ క్రీడా గ్రామంలోని పెద్ద భవనాన్నే ఆసుపత్రి చేశారు.

"తాతయ్యకు ఆటలంటే పడదు" అనుకోకండి. నేను ఆటల పిచ్చివాణ్ని.

మా నాన్న సర్కారు గుమాస్తా. మేము మల్లేపల్లిలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు క్వార్టర్‌లో పెరిగాం. ఆ బోర్డు కథ చెప్పాలి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది చనిపోయారు. ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడండి. ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వేసి, తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టించింది. మా ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక నీళ్ల తొట్టి. పెరట్లో సొంత కొళాయి తిప్పిన రోజు మా అమ్మ ఇరుగుపొరుగుకు చక్కెర పంచింది. అద్దె నెలనెలా కట్టేవాళ్లం. క్వార్టర్ల వరుసల మధ్య ఖాళీ నేల ఉండేది. బంతి ఒకటే, అదీ కుట్లు ఊడినది. ఇరవై మందిమి దాని వెనక పరుగెత్తేవాళ్లం.

మా అన్నయ్య నన్ను సైకిల్ మీద ఫతే మైదాన్‌కు తీసుకెళ్లేవాడు. ఇప్పుడు దాన్ని లాల్‌బహదూర్ స్టేడియం అంటున్నారు. దారి పొడుగునా సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు కబుర్లే. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. శిక్షకుడు రహీం సాహెబ్, అసలు వృత్తి బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాం రెండు ఒలింపిక్స్ ఆడాడు. గమనించారా, పోలీసు జట్టు ఆటగాళ్లకు జీతం ఇచ్చింది ఎవరు? ప్రభుత్వమే. అంటే మన చీటీ డబ్బే. ఇప్పుడేమంటారు?

నేనేమంటానంటే, అదీ మంచి చీటీయే. వాళ్లు ఉద్యోగం చేశారు, ఈ ఊరికే ఆడారు, ఈ ఊళ్లోనే ముసలివాళ్లయ్యారు. జామీను కళ్లెదుటే ఉంది. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్‌ను చూడండి. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాలు ఇచ్చింది. కట్టడానికి డబ్బు చాలక ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు, దాతలు చేయి కలిపారు. 2008లో అకాడమీ మొదలైంది. ఒలింపిక్స్‌లో 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం. సొంత ఇల్లు తాకట్టు పెట్టిన మనిషికి నానమ్మ ఆలోచించకుండా చీటీ ఇస్తుంది.

క్రికెటర్ సిరాజ్ ఆటో డ్రైవరు కొడుకు. ఫస్ట్ లాన్సర్ దగ్గర ఈద్గా మైదానంలో ఆడి పెరిగాడు. ప్రపంచ కప్పు గెలిచి వచ్చాక 2024లో ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం, జూబ్లీహిల్స్‌లో 600 గజాల స్థలం ఇచ్చింది. కుర్రాడు కష్టపడ్డాడు, నాకు సంతోషమే. కానీ నిహాల్, నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా: 600 గజాలంటే 5,400 చదరపు అడుగులు. లక్ష్మమ్మ ఇల్లు 560 చదరపు అడుగులు. భాగహారం చెయ్యి.

లక్ష్మమ్మ వాయిదా ఎలా కడుతుందని మీరు అడగవచ్చు. ఇల్లు ఉచితంగా ఇచ్చారు కదా! చీటీ పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది, అయినా వదలను. మా నాన్న కట్టిన అద్దెతో బోర్డుకు ఇటుకల ఖర్చు కూడా వచ్చి ఉండదు. కానీ ఆ కప్పు కింద మేం నలుగురం చదువుకున్నాం, నలుగురం ఉద్యోగాలు చేశాం, నలుగురం ఆదాయపు పన్ను కట్టాం. ఇంటి వాయిదా ఆలస్యంగా వస్తుంది, పిల్లల చేతుల మీదుగా వస్తుంది. అందుకే ముందు ఇల్లు. తర్వాత ఏ పిల్లవాడైనా టికెట్ లేకుండా వచ్చి ఆడుకోగల మైదానం. టికెట్ అమ్మే ఆటలు వాళ్ల టికెట్లతోనే బతకాలి.

అసలు ప్రశ్న, అంత దూరం ఎందుకు? అనఘా, డబ్బు కన్నా కరువు నేలకే. 2023 ఆగస్టులో ప్రభుత్వం కోకాపేటలో వేసిన వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ ధర చూశాక పేదవాళ్ల ఇళ్లకు నగరం లోపల స్థలం ఎవరు వదులుతారు? అందుకే కొల్లూరులో 15,660 ఇళ్లు ఒకేచోట కట్టారు. అలా కాకుండానూ చేయవచ్చు. సికింద్రాబాద్ భోయిగూడలో ఐడీహెచ్ కాలనీని 2015లో ఉన్నచోటనే కట్టారు, 396 ఇళ్లు. అక్కడివాళ్లు పనులకు దూరం కాలేదు. అయితే ఫతే మైదాన్‌లో ఇళ్లు కట్టమంటావా అంటే కట్టనివ్వను, గేటు ముందు పడుకుంటాను. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో నన్ను అడగకండి.

నేను వరండాలో కూర్చుని ఎంత రాసినా ఏం లాభం, వెళ్లి చూడండి. వచ్చే ఆదివారం లక్ష్మమ్మతో కలిసి బస్సులో కొల్లూరు వెళ్లండి. ఎన్నిచోట్ల బస్సు మారాలో, ప్రతిచోటా ఎంతసేపు నిలబడాలో రాసుకోండి. ఆ ఇళ్ల మధ్య పిల్లలు ఎక్కడ ఆడుతున్నారో చూడండి, వాళ్లకు బంతి ఉందో లేదో అడగండి. ఇంటికి రాగానే నాకు ఉత్తరం రాయండి. అనఘా, ఆధార్ కార్డు పెట్టుకో, ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో టికెట్ అక్కర్లేదు. నిహాల్ టికెట్‌కు వంద రూపాయలు ఈ కవరులో పెడుతున్నాను. మిగిలింది తిరిగి ఇవ్వాలి, జామీను మీ అమ్మ.

ఆశీస్సులతో,
తాతయ్య