పేరు వచ్చేసరికే నేల పోయిన పువ్వు

ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో పూసే వెస్టర్న్ ప్రెయిరీ ఫ్రింజ్డ్ ఆర్కిడ్‌కు వేరొక జాతిగా పేరు పెట్టింది 1986లో. అంతకు ముందు దాదాపు నూట యాభై ఏళ్లు దాన్ని తూర్పు ప్రాంతంలో పెరిగే మరో తెల్లని ఆర్కిడ్‌గానే లెక్కవేస్తూ వచ్చారు. చార్లెస్ షెవియాక్, మార్లిన్ బౌల్స్ అనే వృక్షశాస్త్రజ్ఞులు రెండింటి పువ్వులనూ పోల్చి చూసి, ఇవి వేర్వేరని తేల్చి, పడమటి దానికి ప్లాటాంథెరా ప్రేక్లారా అని పేరు పెట్టారు. ప్రేక్లారా అంటే లాటిన్‌లో మిక్కిలి శోభ గలది అని అర్థం. మూడేళ్ల తరువాత, 1989 సెప్టెంబరు 28న, అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అంటే మనుషులు ఈ పువ్వును పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టేనాటికే అది పెరిగే నేలలో అత్యధిక భాగం మొక్కజొన్న చేలుగా, సోయా చేలుగా మారిపోయింది. మిగిలిన చోట్ల దీన్ని ఎలా కాపాడాలన్న చర్చ అర్థం కావాలంటే ముందు ఆ నేల కథ తెలియాలి.

కెనడాలోని మానిటోబా నుంచి దక్షిణాన ఓక్లహోమా దాకా, ఇంకా కిందికి టెక్సస్ దాకా, ఒకప్పుడు దాదాపు 17 కోట్ల ఎకరాల్లో నిలువెత్తు గడ్డి పెరిగేది. దాన్నే టాల్‌గ్రాస్ ప్రెయిరీ అంటారు. ఆ గడ్డి ఆకులు పైన ఎంత ఎత్తు కనిపిస్తాయో అంతకు మించి దాని వేళ్లు నేలలోకి దిగుతాయి. ఏటా కొన్ని వేళ్లు చచ్చి, కుళ్లి, వేల ఏళ్లలో ఆ మట్టిని నల్లగా, సారవంతంగా మార్చాయి. పిడుగులు రాజేసిన మంటలూ, స్థానిక తెగలవారు కావాలని పెట్టిన మంటలూ ఎండుగడ్డిని తరచుగా కాల్చేసి, చెట్లను పొదలను రానివ్వకుండా చూసేవి. మంట పోయిన చోట మొలిచే లేత గడ్డి కోసం అడవి దున్నలు మందలు మందలుగా వచ్చేవి. ఆర్కిడ్ ఈ ఏర్పాటులోనే బతకడం నేర్చుకుంది. 1880ల చివరికి ఆ దున్నలు కొన్ని వందలకు పడిపోయాయి. తెగలను రిజర్వేషన్లు అనే, వారికని కేటాయించిన ప్రాంతాలకు తరిమేశాక మంటలు పెట్టేవారూ లేకుండా పోయారు.

మొదట్లో వలస రైతులకు ఆ నేల లొంగలేదు. తూర్పు తీరం నుంచి తెచ్చుకున్న ఇనుప నాగళ్లకు నల్లని జిగట మట్టి అంటుకుపోయేది, పది అడుగులకొకసారి ఆగి గోకి తీయాల్సి వచ్చేది. 1837లో ఇల్లినాయి రాష్ట్రంలోని గ్రాండ్ డిటూర్ అనే ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి నునుపైన ఉక్కుతో నాగలి చేశాడు. మట్టి దానికి అంటకుండా జారిపోయింది. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేసినవారికి 160 ఎకరాలు రాసిచ్చింది. దున్నడమే హక్కుకు రుజువు అయినప్పుడు దున్నని నేల పనికిరాని నేల కింద లెక్క. చిత్తడి పల్లాలను కూడా వదల్లేదు. మట్టి గొట్టాలు భూమిలో పాతి నీటిని కాలువల్లోకి తోడేశారు. ఆర్కిడ్‌కు ఇష్టమైన చోట్లు ఆ తడి పల్లాలే కావడం దాని దురదృష్టం. ఐయోవాలో నిలువెత్తు గడ్డి నేల వేయింట ఒక వంతు కూడా మిగల్లేదు. మొత్తం మీద చూస్తే మిగిలింది నూటికి నాలుగు వంతుల లోపు. దక్షిణ డకోటా, ఓక్లహోమాల్లో ఈ పువ్వు కనుమరుగైంది.

మిగిలిన చోట్లను పటంలో గుర్తిస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది: నాగలి ఓడిపోయిన చోటే పువ్వు నిలిచింది. ఉత్తర డకోటా ఆగ్నేయ మూలన ఉన్న షయెన్ నేషనల్ గ్రాస్‌లాండ్ అందుకు పెద్ద ఉదాహరణ. మంచుయుగం చివర అక్కడ అగాసీ అనే మహా సరస్సు ఉండేది. దానిలో కలిసిన షయెన్ నది తెచ్చి పోసిన ఇసుకే ఆ ప్రాంతమంతా. ఆ ఇసుక నేలల్లోనూ రైతులు దున్ని చూశారు. 1930లలో కరువు, దుమ్ము తుఫాన్లు వచ్చాక నేల ఎగిరిపోయి, అప్పులు మిగిలాయి. అప్పుడు కేంద్ర ప్రభుత్వం అలాంటి భూములను కొనేసింది. 1954లో అవి అటవీ శాఖ చేతికి వచ్చాయి, 1960లో నేషనల్ గ్రాస్‌లాండ్ అనే పేరు వచ్చింది. 70 వేల ఎకరాల ఆ నేలలో ఇసుక దిబ్బల మధ్య, నీటి మట్టం పైకి ఉండే పల్లాల్లో, నేటికీ ఆర్కిడ్ పూస్తుంది. మానిటోబాలోని టోల్‌స్టొయ్, వీటా గ్రామాల దగ్గర దాన్ని 1984లో కనుగొన్నారు. అక్కడ భూమి నిండా రాళ్లు ఉండడం వల్ల నాగలి దిగలేదు. కెనడా మొత్తానికి ఆ పువ్వు ఉన్నది ఆ ఒక్క ప్రాంతంలోనే.

పువ్వును దగ్గరగా చూస్తే దాని కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. జూన్ నడుమ నుంచి జూలై చివరి దాకా, మోకాలి ఎత్తు నుంచి నడుము దాటేంత ఎత్తు వరకు ఒకే కాడ లేస్తుంది. దాని మీద ఒక్కోసారి రెండు డజన్ల దాకా మీగడ రంగు పువ్వులు వస్తాయి. కింది రేకు మూడుగా చీలి, అంచుల వెంట కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. పువ్వు వెనక నుంచి సన్నని గొట్టం ఒకటి, దాదాపు రెండు అంగుళాల పొడవున, కిందికి వంగి వేలాడుతుంది. మకరందం దాని అడుగున ఉంటుంది. పగలు పెద్దగా వాసన ఉండదు. చీకటి పడ్డాక పరిమళం వస్తుంది. ఆ వాసనకు హాక్ మాత్ అనే పెద్ద చిమ్మట వస్తుంది. గాలిలోనే నిలబడి, పొడవైన తొండాన్ని గొట్టంలోకి చాచి, చివరి చుక్క కోసం తలను పువ్వులోకి నొక్కుతుంది. అలా నొక్కినప్పుడు పువ్వుకు ఇరుపక్కలా ఉన్న రెండు పుప్పొడి ముద్దలు దాని కళ్లకు అతుక్కుంటాయి. కళ్లమీద పసుపు పచ్చని ముద్దలతో అది తరువాతి పువ్వు దగ్గరికి వెళ్తుంది. తూర్పు జాతిలో పుప్పొడి తొండానికి అంటుకుంటుంది. రెండూ వేరని తేలడానికి ఉన్న ముఖ్య తేడాల్లో ఇదొకటి.

పువ్వు ఫలించాక కాయలో దుమ్ములాంటి గింజలు వేల సంఖ్యలో ఉంటాయి. కానీ వాటిలో మొలకకు కావలసిన తిండి ఉండదు. నేలలో ఒక రకం శిలీంధ్రం దొరికితేనే, దాని మీద ఆధారపడి, భూమి లోపలే మొలక ఎదుగుతుంది. పైకి ఆకు కనిపించాలంటే ఏళ్లు పట్టవచ్చు. పెద్ద మొక్కలు కూడా ఎండ సంవత్సరాల్లో బయటికి రాకుండా నేలలోనే ఉండిపోతాయి. అందుకే ఒక ఏడాది వందల్లో పూలు, మరుసటి ఏడాది పదుల్లో కనిపించినంత మాత్రాన అది కోలుకుందనో అంతరించిందనో చెప్పలేము. దుంప తవ్వి వేరే చోట నాటేస్తే సరిపోతుందనే సలహా నాకు ఎప్పుడూ కోపం తెప్పిస్తుంది. నీళ్లూ శిలీంధ్రమూ చిమ్మటా మంటా కలిసి ఉన్న నేలనే ఈ మొక్క తన ఇల్లు అనుకుంటుంది. వాటిని ఎవరూ తవ్వి తీసుకెళ్లలేరు.

దున్నడం ఆగిన చోట కూడా ముప్పు ఆగలేదు. లీఫీ స్పర్జ్ అనే పాలు కారే కలుపు మొక్క 19వ శతాబ్దంలో యూరప్, ఆసియాల నుంచి అమెరికాకు చేరింది. దాని వేళ్లు పదిహేను అడుగుల లోతుకు కూడా దిగుతాయి. ఆవులు సాధారణంగా దాన్ని ముట్టవు. షయెన్ ఇసుక నేలల్లో అది ఆర్కిడ్ పల్లాలను కమ్మేసింది. కలుపు మందు కొడితే ఆర్కిడ్ కూడా చస్తుంది. అందువల్ల ఆర్కిడ్ ఆకులు వాడిపోయిన శరత్కాలంలో మాత్రమే మందు కొట్టే పద్ధతిని పరీక్షించారు. స్పర్జ్ వేళ్లను తినే చిన్న పెంకు పురుగులను వదిలారు. అంతకంటే ముందే, 1960లలో, స్పర్జ్ ఆకులు తినే గొంగళి పురుగుల కోసం యూరప్ నుంచి ఒక హాక్ మాత్‌ను తెచ్చారు. అది కలుపును పెద్దగా తగ్గించలేకపోయింది. అయితే, ఆ పరాయి చిమ్మట ఆర్కిడ్ పుప్పొడి ముద్దలను మోస్తున్నట్టు ఉత్తర డకోటాలో పరిశోధకులు గమనించి 2013లో ప్రచురించారు. స్థానిక చిమ్మటలు తగ్గిపోయిన చోట ఇది చిన్న విషయం కాదు. కలుపు పూర్తిగా పోతే ఆ చిమ్మట తిండీ పోతుందన్న సంగతిని కూడా అక్కడ పనిచేసేవారు లెక్కలోకి తీసుకోవాల్సి వస్తుంది.

ఇక చట్టం సంగతి. 1973 నాటి అమెరికా చట్టం కింద జాబితాలో ఉన్న జంతువును ప్రైవేటు భూమిలోనైనా చంపకూడదు. మొక్కలకు ఆ రక్షణ లేదు. కేంద్ర ప్రభుత్వ భూమిలో పెరికితే నేరం. ఇతర చోట్ల, రాష్ట్ర చట్టాన్ని తెలిసి ఉల్లంఘించి గానీ, ఇతరుల భూమిలోకి అక్రమంగా చొరబడి గానీ పెరికితేనే నేరం. కేంద్రం డబ్బో, అనుమతో అవసరమైన పని అయితే మాత్రం అధికారులు ముందుగా ఆ మొక్క సంగతి చూడాలి. రైతు సొంత డబ్బుతో సొంత పచ్చిక నేలను దున్నుకుంటే అడిగేవారు లేరు. భూమిలో మొలిచింది భూమి యజమానిదే అన్న పాత ఇంగ్లిష్ న్యాయభావన దీని వెనక ఉంది. జింక ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పోతుంది కాబట్టి అది అందరిదీ అన్నారు, కదలని మొక్కకు ఆ మాట వర్తించలేదు. మొక్కజొన్న ధర పెరిగినప్పుడు దీని ఫలితం కనిపించింది. 2006 నుంచి 2011 లోపు ఉత్తర డకోటా, దక్షిణ డకోటా, నెబ్రాస్కా, మినెసోటా, ఐయోవా రాష్ట్రాల్లో సుమారు 13 లక్షల ఎకరాల గడ్డి నేల మొక్కజొన్న, సోయా సాగు కిందికి పోయిందని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా లెక్కతేల్చారు.

1996లో తయారైన పునరుద్ధరణ ప్రణాళిక ప్రకారం మంట పెట్టడం, మేత తగ్గించడం, నీటి మట్టం కాపాడడం వంటివి ప్రభుత్వ భూముల్లో జరుగుతున్నాయి. ప్రైవేటు గడ్డి చేలలో మిగిలిన మొక్కల విషయం వేరు. అక్కడ జూలైలో గడ్డి కోస్తే కాడ మీది పువ్వులన్నీ కోతలోనే పోతాయి, ఆ ఏడాది ఒక్క గింజ కూడా నేల మీద పడదు. కాయలు ముదిరి పగిలేది శరత్కాలంలో. కొన్ని చోట్ల యజమానులు ఆ పల్లం వరకు కోత వాయిదా వేయడానికి ఒప్పుకున్నారు. అందుకు వారిని కట్టిపడేసే కేంద్ర చట్టమేదీ లేదు. ఇచ్చిన మాట ఆ భూమి చేతులు మారేదాకా నిలుస్తుంది.