పఠాన్ తెగలు, పంజాబీ జమీందారీ కుటుంబాలు: అపోహలు - వాస్తవాలు

సింధు నదికి అటు పఠాన్లు, ఇటు పంజాబీలు, ఇద్దరికీ తరతరాల పగ. ఇప్పటి పాకిస్తాన్‌లోని అటక్, రావల్పిండి, పెషావర్ ప్రాంతాల చరిత్రను చాలామంది ఈ ఒక్క ముక్కతో తేల్చేస్తారు. పగలున్న మాట నిజమే. కానీ భూమి కోసం, దారి సుంకం కోసం, దర్బారులో పెద్దరికం కోసం సాగిన ఆ పగలు ఎక్కువగా దాయాదుల మధ్యవే.

అపోహ: పఠానుకు శత్రువు పంజాబీ, పంజాబీకి శత్రువు పఠాన్.

1813 నాటి అటక్ కోట ఉదంతం చూడండి. కోట అప్పుడు జహాన్‌దాద్ ఖాన్ అనే పఠాన్ చేతిలో ఉంది. అతని సోదరుడు అతా మహమ్మద్ ఖాన్ కాశ్మీర్ పాలకుడు. కాబూల్ వజీరు ఫతే ఖాన్ బారక్‌జాయ్ కాశ్మీర్ మీద పడి అతాను దించేశాడు. తర్వాతి వంతు తనదేనని జహాన్‌దాద్‌కు అర్థమైంది. కోటను లాహోర్ సిక్కు రాజు రంజిత్ సింగ్‌కు అప్పగించి, బదులుగా వజీరాబాద్ జాగీరు పుచ్చుకున్నాడు. కోటను తిరిగి పట్టుకోవాలని వచ్చిన ఫతే ఖాన్ ఆ జూలైలోనే అటక్ దగ్గరి ఛఛ్ మైదానంలో రంజిత్ సేనాని దివాన్ మొఖమ్ చంద్ చేతిలో ఓడిపోయాడు. సింధు రేవు లాహోర్ పాలనలోకి వెళ్లడానికి దారి తీసింది ఇద్దరు పఠాన్ సర్దార్ల మధ్య పోటీ.

అంతకు ముందూ ఇదే తీరు. అటక్ దారి కాపలా, సుంకం వసూలు అక్బర్ నుంచి పొందిన ఖటక్ తెగకు బద్ధ విరోధులు పొరుగునున్న యూసఫ్‌జాయ్ పఠాన్లు. ఖటక్ తెగ నాయకుడు ఖుషాల్ ఖాన్ ఖటక్‌ను 1664లో ఔరంగజేబు చెరలో పెట్టాడు. విడుదలయ్యాక ఖుషాల్ మొగలాయిల మీద తిరగబడితే, కన్నకొడుకు బహ్రామ్ మొగలాయిల పక్షాన చేరాడు. పంజాబ్ వైపు, రావల్పిండి చుట్టుపక్కల పొఠోహార్ పీఠభూమిని ఏలిన గక్కర్ తెగలో కమాల్ ఖాన్ అక్బర్ సేనల అండతో సొంత బాబాయి ఆదం ఖాన్‌ను కూలదోసి గద్దె ఎక్కాడు.

అపోహ: మహమ్మద్ ఘోరీని చంపింది గక్కర్లు.

1206లో జీలం ప్రాంతంలోని దమ్యాక్ వద్ద జరిగిన ఈ హత్యను తర్వాతి కాలపు చరిత్రకారుడు ఫరిష్తా గక్కర్లకు అంటగట్టాడు. పంజాబ్‌లోనే ఖోఖర్లనే మరో తెగ ఉంది; ఖోఖర్లు వేరు, గక్కర్లు వేరు. చాలామంది చరిత్రకారులు ఖోఖర్ల పేరే చెబుతారు, షియాలలో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల పని అనే కథనమూ ఉంది. గక్కర్లకు పఠాన్లతో వైరం ఉన్న మాట మాత్రం గట్టిది. వాళ్లను అణచడానికే పఠాన్ చక్రవర్తి షేర్‌షా సూర్ 1541లో జీలం దగ్గర రోహ్తాస్ కోట మొదలుపెట్టాడు. చుట్టుకొలత సుమారు 4 కిలోమీటర్లు. అయినా గక్కర్లు హుమాయూన్ పక్షం వదల్లేదు.

అపోహ: పఠాన్ ఖాన్ల భూములు మొదటి నుంచీ వంశపారంపర్య ఎస్టేట్లు.

యూసఫ్‌జాయ్ ప్రాంతంలో ఉన్నది 'వేష్' పద్ధతి. తెగకు వచ్చిన భూమిని వాటాలుగా పంచి, కొన్నేళ్లకొకసారి చీట్లు తీసి, ఒక ఖేల్ (తెగలోని శాఖ) భూమి ఇంకో ఖేల్‌కు మార్చేవారు. గడువు అన్నిచోట్లా ఒకటి కాదు. వాటా ఉన్నవాడే జిర్గాలో, అంటే తెగ పెద్దల సభలో, మాట చెల్లే మనిషి. వాటా పోతే హోదా పోయినట్టే. దాయాది మీద కత్తి దూసేంత కసి ఎక్కడిదో ఇక్కడ తెలుస్తుంది. స్వాత్‌లో ఈ మార్పిళ్లను అక్కడి పాలకుడు మియాంగుల్ అబ్దుల్ వదూద్ 1920లలో ఆపించాక, ఎవరి చేతిలో ఉన్న పొలం వాళ్లకే స్థిరపడింది.

అపోహ: భూమి రికార్డులో 'పఠాన్' అనో, పంజాబీ తెగ పేరు 'అవాన్' అనో ఉంటే వంశం రుజువైనట్టే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 1900 నాటి పంజాబ్ భూమి అన్యాక్రాంత నిరోధక చట్టం జిల్లాలవారీగా 'వ్యవసాయ తెగల' జాబితాలు తెచ్చింది. జాబితాలో లేనివాడు ఆ తెగలవారి పొలం కొనాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి. స్వాధీన తాకట్టుకు గరిష్ఠంగా 20 ఏళ్లే. దాంతో తెగ పేరుకే ధర పలికింది. కాబట్టి వంశం తేల్చుకోవాలంటే ముందు జమాబందీలో (మన 1బి వంటి హక్కుల రికార్డు ఇది) 'ఖౌమ్', అంటే తెగ, గడి చూడండి. తర్వాత అదే గ్రామానికి 1900కి ముందు జరిగిన భూమి శిస్తు బందోబస్తు (సెటిల్‌మెంట్) తాలూకు షజ్రా నసబ్, అంటే వంశవృక్షం, తీసి పోల్చండి. రెండుచోట్లా తెగ ఒకటే అయితే ముందుకు వెళ్లండి. తేడా ఉంటే ఆ మార్పు ఎప్పుడు జరిగిందో తేల్చుకోండి. బ్రిటిష్ అధికారులు రాసిన సర్దార్ల వంశచరిత్రలను చివర్న చూడాలి. 1857లో తమకు సాయపడినవారి ఘనతకు వాటిలో పెద్దపీట వేశారు.

పఠాన్లు సింధుకు పడమరే ఉన్నారనుకోవడమూ పొరపాటే. కసూర్, మలేర్‌కోట్ల పాలకులు పఠాన్లు. మన కర్నూలు, కడప నవాబులూ పఠాన్లే.

అపోహ: 1947 తర్వాత ఈ పోటీలు, ఆ భూములు రెండూ పోయాయి.

పశ్చిమ పంజాబ్ తొలి ముఖ్యమంత్రి, పఠాన్ మూలాలున్న మమ్‌దోత్ నవాబుకూ, లుద్దన్ జమీందారు ముంతాజ్ దౌల్తానాకూ ఒకే ముస్లిం లీగ్‌లో పొసగలేదు. 1949 జనవరిలో గవర్నర్ పాలన వచ్చింది. అది జాతుల గొడవ కాదు, పదవి గొడవ.

భూముల సంగతి: పాకిస్తాన్‌లో సాగునీటి భూమికి 1959లో 500 ఎకరాలు, 1972లో 150, 1977లో 100 ఎకరాల పరిమితి పెట్టారు. 1959, 1972 పరిమితులు కుటుంబానికి కాక మనిషికి కావడంతో, కొడుకుల పేర్ల మీదా బంధువుల పేర్ల మీదా రాసి చాలామంది నిలబెట్టుకున్నారు. 1989లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు షరియత్ అప్పీల్ ధర్మాసనం ఈ పరిమితుల్ని ఇస్లాంకు విరుద్ధమని కొట్టేసింది.