టీచరుకు అండ ఎప్పటిదాకా? కొన్ని అపోహలు, వాస్తవాలు

టీచర్లకు మెంటర్‌గా ఉండటం నా వృత్తి. వెనక బెంచీలో కూర్చుని పాఠం చూడటం, బెల్లు కొట్టాక ఆ టీచరుతో మాట్లాడటం. మొన్న చేరినవాళ్ల క్లాసులకూ వెళ్తాను, రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్ల క్లాసులకూ వెళ్తాను. సీనియర్లలో చాలామంది మొదట అనే మాట, "ఈ వయసులో నాకెందుకండీ ఇవన్నీ?" అలా అనిపించే పరిస్థితి వాళ్లంతట వాళ్లు తెచ్చుకున్నది కాదు.

అపోహ: మొదటి రెండు మూడేళ్లు గట్టెక్కితే చాలు, టీచరు తయారైపోయినట్టే.

వాస్తవం: తొలి ఏళ్లలో ఎదుగుదల జోరుగా ఉంటుంది. ఆ తర్వాత అది సాగుతుందా, ఆగుతుందా అన్నది చాలావరకు బడి చేతిలో ఉంది. అమెరికాలోని షార్లెట్ ప్రాంతపు బడుల సమాచారంతో మాథ్యూ క్రాఫ్ట్, జాన్ పపే 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. పని వాతావరణం బాగున్న బడుల్లోని టీచర్లు, అది బాగాలేని చోట ఉన్నవాళ్లకంటే పదేళ్లలో 38 శాతం ఎక్కువ మెరుగుపడ్డారు. వాతావరణం అంటే ఇక్కడ క్రమశిక్షణ విషయంలో టీచరును ఒంటరిగా వదిలేయకపోవడం, తోటివాళ్లతో కలిసి పనిచేసే వీలు, హెడ్మాస్టరు తీరు లాంటివి.

అపోహ: కొత్త టీచరుకు ఎన్ని సలహాలిస్తే అంత మంచిది.

వాస్తవం: కొత్తవాళ్లకు సలహాల కరువు ఎప్పుడూ లేదు. స్టాఫ్ రూమ్‌లో కుర్చీకొకటి దొరుకుతుంది. ఫ్రాన్సిస్ ఫుల్లర్ అనే పరిశోధకురాలు 1969లోనే ఒక సంగతి గమనించారు: కొత్త టీచరు మనసంతా ముందు తన గురించే ఉంటుంది. పిల్లలు నన్ను లెక్కచేస్తారా, క్లాసు నా అదుపులో ఉంటుందా అని. పిల్లలు ఏం నేర్చుకుంటున్నారన్న ధ్యాస నిలవడానికి కొంత కాలం పడుతుంది. ఆ స్థితిలో ఉన్న మనిషికి మూల్యాంకన పద్ధతుల మీద ఉపన్యాసమిస్తే చెవికెక్కదు.

ఒక భిన్నాల పాఠం చూశాను. టీచరు చేరి ఇంకా ఏడాది కాలేదు. "హారాలు వేరువేరుగా ఉంటే ముందు ఏం చేయాలి?" అని అడిగారు. రెండో వరుసలో ఒక అబ్బాయి చెయ్యి భుజం దాకా లేచింది. అది పైకి వచ్చేలోపే "క.సా.గు. కనుక్కోవాలి, కదా?" అని తనే చెప్పేశారు. చెయ్యి దిగిపోయింది. పాఠమంతా అదే వరస. నిశ్శబ్దం వస్తే క్లాసు చెయ్యిజారిపోతుందని ఆవిడ భయం. మేరీ బడ్ రో 1970ల్లో చాలా క్లాసులు పరిశీలించి, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను అని తేల్చారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు. ఆ బోర్డు రాత గురించీ, హోంవర్కు గురించీ చెప్పాల్సినవి నా నోట్‌బుక్‌లో ఇంకా చాలా ఉన్నాయి. చెప్పింది మాత్రం ఈ మూడు సెకన్ల సంగతే.

అపోహ: పది పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఢోకా లేదు.

వాస్తవం: నన్నడిగితే అందరికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది వీళ్లే. కొత్తవాళ్ల మీద అందరి కన్నూ ఉంటుంది, వెళ్లిపోయేవాళ్లకు సన్మానం ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్లకు పనులు ఉంటాయి. టైమ్‌టేబుల్, పరీక్షల డ్యూటీలు, వార్షికోత్సవం, సెలవు పెట్టినవాళ్ల పీరియడ్లు, అన్నిటికీ "మీరైతే చూసుకుంటారు" అన్న ఒక్క మాటే. వీళ్ల క్లాసులోకి తోటి టీచరు తొంగిచూసి ఏళ్లు దాటిపోతాయి. పాఠం బాగా సాగిన రోజున ఆ సంగతి పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదు.

మైకేల్ హ్యూబర్‌మాన్ స్విట్జర్లాండ్ హైస్కూలు టీచర్ల ఉద్యోగ జీవితాలను పరిశీలించి, నడివయసులో దారులు చీలతాయని చూపించారు. కొందరు కొత్త ప్రయోగాలకు దిగుతారు, కొందరిని "ఇంతేనా జీవితం?" అన్న సందేహం పట్టుకుంటుంది. నాకు బాగా నచ్చిన విషయం మరొకటుంది. చివరిదాకా తృప్తిగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది బడి మొత్తాన్ని మార్చే భారీ సంస్కరణలు నెత్తికెత్తుకున్నవాళ్లు కారు, తమ క్లాసులో చిన్నచిన్న మార్పులు చేసి చూసుకుంటూ పోయినవాళ్లు. అందుకే ఈ దశలో టీచరుకు మరో కమిటీ అప్పగించడం కంటే, ఎన్నాళ్లుగానో చెబుతున్న తరగతి మార్చి ఇవ్వడం, పక్క క్లాసు చూసి రావడానికి వారంలో ఒక పీరియడ్ ఖాళీ చేయడం నయం.

ప్రమోషన్ అంటే పాఠం చెప్పడం మానేసి ఆఫీసు గదిలో కూర్చోవడమే అయితే, మంచి టీచరు ఎదుట ఉన్నవి రెండే దారులు: ఉన్నచోటే ఉండిపోవడం, లేదా క్లాసు వదులుకోవడం. సింగపూర్ దీనికో మార్గం చూసింది. అక్కడ పరిపాలన వైపు వెళ్లకుండా, బోధననే నమ్ముకుని సీనియర్ టీచర్ నుంచి ప్రిన్సిపల్ మాస్టర్ టీచర్ దాకా ఎదగవచ్చు.

అపోహ: ఏటా ట్రైనింగులు పెడుతున్నాం కదా, అదే అండ.

వాస్తవం: సంతకం, టీ, స్లైడ్లు, సర్టిఫికెట్టు. సోమవారం క్లాసులో ఏం మారిందో అడిగేవాళ్లుండరు. క్లాసులోకే వచ్చి చూసి మాట్లాడే కోచింగ్ ఫలితాల మీద క్రాఫ్ట్, ఆయన సహచరులు 2018లో 60 అధ్యయనాలను కలిపి చూశారు. బోధన మెరుగుపడింది, పిల్లల చదువూ కొంత మెరుగుపడింది. అదే పనిని పెద్ద ఎత్తున చేయబోతే ప్రభావం బాగా తగ్గింది కూడా. కోచ్‌ల సంఖ్య పెంచినంత తేలిగ్గా నాణ్యత పెరగదు మరి.

అపోహ: సీనియర్ అయితే చాలు, మెంటర్ అయిపోవచ్చు.

వాస్తవం: ముప్పై ఏళ్లుగా చేతికి అలవాటైన పనిని విడమరిచి చెప్పడం వేరే విద్య. "పిల్లలు నా మాట ఎలా వింటారో నాకే తెలీదండీ, వింటారంతే" అంటారు. అబద్ధమేమీ కాదు. వాళ్లకూ శిక్షణ కావాలి, పీరియడ్ల భారం తగ్గాలి. మామూలు పనికి తోడు మెంటర్ బాధ్యత కూడా తగిలిస్తే అది రిజిస్టర్‌లో సంతకంగా మిగులుతుంది. ఇంకొకటి: మెంటర్ రాసుకున్న నోట్సు పనితీరు నివేదికలోకి వెళ్లకూడదు. వెళ్తుందని తెలిసిన మరుక్షణం, మెంటర్ వచ్చే రోజుకు ఒక ప్రత్యేకమైన పాఠం తయారవుతుంది. మిగతా రోజుల పాఠం ఎలా ఉంటుందో ఆ మెంటర్ ఇక ఎప్పటికీ చూడరు.