కడసారి చూపుకి ముందు వేసే కుట్టు

మార్చురీ బయట చెట్టు కింద కూర్చున్నవాళ్లు ముందు అడిగేది, "బాడీ ఎప్పుడిస్తారు సార్?" అని. కాసేపటికి వాళ్లలో ఒకరు గొంతు తగ్గించి, "మొహం ఏమీ కొయ్యరు కదా?" అంటారు.

పోస్ట్‌మార్టంలో మామూలుగా మొహం కొయ్యరు. మెదడును చూడాలంటే ఒక చెవి వెనక మొదలుపెట్టి, నడినెత్తి మీదుగా రెండో చెవి వెనక దాకా గాటు పెడతారు. నెత్తి చర్మాన్ని ముందుకీ వెనక్కీ మడిచి, పుర్రె పైభాగాన్ని రంపంతో తీస్తారు. పరీక్ష అయ్యాక దాన్ని మళ్లీ అమర్చి, చర్మాన్ని లాగి కుడతారు. కుట్టు జుట్టులో దాగిపోతుంది. ఒంటి మీద గాటు భుజాల దగ్గర మొదలుపెడితే, చొక్కా తొడిగాక అదీ కనపడదు.

అయితే కుట్టు దగ్గర దగ్గరగా పడాలి. లోపలి తడి తుడిచి దూది పెట్టకపోతే, ఇంటికి చేరేసరికి కప్పిన తెల్లబట్ట తడిసిపోతుంది. స్నానం చేయించే చేతులకు ఆ వదులు కుట్లే తగులుతాయి. అందుకే కోతకు ఇచ్చినంత శ్రద్ధ కుట్టుకూ ఇవ్వాలని గట్టిగా అంటాను. అది అటెండర్ చూసుకునే చిల్లర పని కాదు.

విషం అనుమానం ఉంటే జీర్ణాశయం, కాలేయం, కిడ్నీల భాగాలను చిక్కటి ఉప్పునీటిలో భద్రపరిచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. ఈ సంగతి ఇంటివాళ్లకు రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో చూశాం. లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో శవపరీక్షల తర్వాత పిల్లల అవయవాలను తల్లిదండ్రులకు తెలియకుండా దాచారని 1999లో బయటపడింది. అవి విడతలుగా తిరిగొస్తే, కొందరు ఒకే బిడ్డకు మళ్లీ మళ్లీ అంత్యక్రియలు చేయాల్సి వచ్చింది. తర్వాత 2004లో అక్కడ మానవ కణజాల చట్టం వచ్చింది.

మన సుప్రీంకోర్టు కూడా 1995లో పరమానంద్ కటారా కేసులో, గౌరవం పొందే హక్కు మృతదేహానికీ వర్తిస్తుందని చెప్పింది. 2021 నవంబరులో కేంద్రం, తగిన వసతులున్న చోట సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్ట్‌మార్టం చేయవచ్చంది. హత్య, ఆత్మహత్య అనుమానాల్లాంటి కేసులను మాత్రం మినహాయించింది. మిగతావాళ్లకు తెల్లారేదాకా పడిగాపులు తప్పుతాయి.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 నుంచి సీటీ స్కాన్‌తో, కత్తి పెట్టకుండా పరీక్షించే పద్ధతి కూడా ఉంది. విరిగిన ఎముకలు, లోపల దిగిన బుల్లెట్లు అందులో బాగా తెలుస్తాయి. కానీ పురుగుల మందు తాగిన కేసుల్లో ఏ విషమో స్కాన్ చెప్పలేదు, విసెరా, అంటే పరీక్షకు పంపే ఆ లోపలి అవయవాల భాగాలు, తీయాల్సిందే. అలా తీసిన ప్రతిసారీ సూదీ దారం పట్టుకుని ఒకరు ఓపిగ్గా కుట్టాలి.