ధర్మసందేహం ఎవరితో చెప్పుకోవాలి?

తప్పా ఒప్పా అని తేల్చుకోలేని ఘడియలో మనిషి ఎవరి దగ్గరికి వెళ్తాడన్న ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది. కారణం తెలిసిందే. చాట్‌జీపీటీ లాంటి మాట్లాడే యంత్రాలు వచ్చాక, మంచం పట్టిన తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం వదులుకోవాలా, స్నేహితుడు చేసిన మోసం తెలిసీ ఊరుకోవచ్చా, ఎన్నడో విడిపోయిన మనిషి అంత్యక్రియలకు వెళ్లాలా వద్దా వంటి ప్రశ్నలను చాలామంది వాటినే అడుగుతున్నారు. మతం పట్టు సడలడం వల్లే మనిషి దిక్కుతోచక ఇలా తయారయ్యాడని కొందరంటే, ఎవరి అంతరాత్మ వారికి చాలునని, ఒకరిని అడగవలసిన పనే లేదని మరికొందరు అంటున్నారు. చరిత్ర చూస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. మతం బలంగా ఉన్న కాలంలోనూ గ్రంథం ఒక్కటే సరిపోలేదు. అంతరాత్మను నెత్తిన పెట్టుకున్న కాలంలోనూ మనుషులు అడగడం మానలేదు. మారుతూ వచ్చినవి వేరే ఉన్నాయి: అడిగే మనిషి ఎవరో చెప్పేవారికి తెలియడం, చెప్పిన మాటకు చెప్పినవారు పూచీపడటం, విన్నదాన్ని కడుపులో దాచుకోవడం. ఒకప్పుడు కలిసి ఉన్న ఈ మూడూ ఎలా విడిపోయాయన్నదే ఈ విషయానికి అసలు నేపథ్యం.

పాత ఏర్పాట్లు మనం అనుకునేంత సరళమైనవి కావు. ధర్మానికి ప్రమాణాలేవని చెబుతూ మనుస్మృతి వేదాన్ని, స్మృతిని, సదాచారాన్ని పేర్కొని, నాలుగోదిగా మనసుకు తృప్తినిచ్చేదాన్ని కూడా చేర్చింది. శాస్త్రంలో లేని సందేహం వస్తే పదిమందికి, కనీసం ముగ్గురికి తగ్గని పరిషత్తు తేల్చాలని చెప్పింది. ఆ పరిషత్తులో కూర్చునే అర్హత ఒక్క వర్ణానికే పరిమితమైందన్నది మరవరాని నిజం. అయితే అంతకంటే పాతదైన ఆపస్తంబ ధర్మసూత్రం తన చివరి మాటల్లో, ఇక్కడ చెప్పని మిగిలిన ధర్మాలను స్త్రీల నుంచి, అన్ని వర్ణాలవారి నుంచి తెలుసుకోవాలని కొందరు అంటారని రాసింది. సూత్రమంతా చెప్పి, ఇంకా మిగిలి ఉందని ఒప్పుకుని, ఆ మిగిలినదాని కోసం మనుషుల దగ్గరికే వెళ్లమన్న ఆ ఒక్క వాక్యం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఇస్లాంలో మతశాస్త్ర పండితుడైన ముఫ్తీ ఇచ్చే ఫత్వా కూడా ఒక మనిషి తెచ్చిన ఒక ప్రశ్నకు ఇచ్చే జవాబే; ఖాజీ తీర్పులా అది కట్టుబడి తీరవలసినది కాదు, మరో ముఫ్తీ మరోలా చెప్పవచ్చు. యూదుల మతగురువులైన రబ్బీలు సందేహాలకు రాసిన జవాబులు శతాబ్దాల పాటు పోగుపడి ఒక పెద్ద వాఙ్మయమే అయ్యాయి. గ్రంథానికీ బతుకుకూ మధ్య ఖాళీ ఉందనీ, దాన్ని పూరించడానికి మనిషి కావాలనీ అన్ని సంప్రదాయాలూ ఒప్పుకున్నాయి.

ఆ మనిషి ఎలా ఉండాలో అతి స్పష్టంగా రాసిపెట్టిన పత్రాల్లో ఒకటి 1215లో రోములో జరిగిన క్రైస్తవ మతపెద్దల నాలుగో లాటరన్ మహాసభది. ఊహ తెలిసిన ప్రతి క్రైస్తవుడూ, స్త్రీ అయినా పురుషుడైనా, ఏడాదికి ఒక్కసారైనా తన మతగురువు దగ్గర పాపసంకీర్తనం చేయాలని, అంటే చేసిన పాపాలు చెప్పుకోవాలని ఆ సభ 21వ నియమం ఆదేశించింది. అందరికీ గుర్తుండేది ఈ ఆదేశమే. గురువుకు అదే నియమం పెట్టిన షరతులను మాత్రం పెద్దగా ఎవరూ తలచుకోరు. గాయానికి మందు వేసే వైద్యుడిలా ఆయన మెలగాలి. పాపం ఏమిటన్నదే కాక, చేసిన మనిషి పరిస్థితులేమిటో కూడా ఓపిగ్గా అడిగి తెలుసుకోవాలి. విన్నదాన్ని మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ బయటపెట్టకూడదు. బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించడమే కాకుండా, కఠిన నియమాలున్న మఠంలో జీవితాంతం ప్రాయశ్చిత్తానికి బంధించాలని రాశారు. చెప్పుకున్నవాడి మీద ఎంత అధికారం ఇచ్చారో, విన్నవాడి మీద అంత బరువు పెట్టారు.

ఆ రోజులే బాగుండేవని దీని అర్థం కాదు. మనల్ని ఎరిగిన చెవి మనం భయపడవలసిన చెవి కూడా. యజమాని ఇంటికి వచ్చిపోయే గురువు ముందు ఆ ఇంటి పనిమనిషి ఏం చెప్పుకోగలదు? కుటుంబ పెద్దలే ధర్మనిర్ణేతలైన చోట కోడలు ఏ సందేహం అడగగలదు? పైగా ఆ అధికారం పాపక్షమాపణ పత్రాల అమ్మకం దాకా దిగజారింది. 1517లో దాన్ని ప్రశ్నించిన జర్మన్ మతాచార్యుడు మార్టిన్ లూథర్, 1521లో వోర్మ్స్ నగరంలో చక్రవర్తి ముందు జరిగిన సభలో తన అంతరాత్మ దేవుని వాక్యానికి బద్ధమై ఉందని, దానికి విరుద్ధంగా నడవలేనని చెప్పి నిలబడ్డాడు. ఒక్కొక్క మనిషి చిక్కును విడిగా పరిశీలించి తప్పొప్పులు తేల్చే విద్యను అభివృద్ధి చేసిన జెసూట్ అనే కాథలిక్ సన్యాసి సంఘపు పండితుల మీద, శ్రీమంతుల పాపాలకు సందులు వెతికిపెడుతున్నారంటూ 1656–57లో ఫ్రాన్సులో తత్వవేత్త పాస్కల్ లేఖల రూపంలో విరుచుకుపడ్డాడు. ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ దాని దెబ్బకు, విడి మనిషి చిక్కును విడిగా చూడాలన్న మంచి అలవాటుకు కూడా చెడ్డపేరు వచ్చింది. పాపసంకీర్తనం ఆనవాయితీ పోయిన దేశాల్లో సందేహాలు మాత్రం పోలేదు. అవి వెళ్లడానికి ఒక చోటు కావలసివచ్చింది.

ఆ చోటు లండన్‌లో 1691 మార్చిలో దొరికింది. జాన్ డంటన్ అనే పుస్తక వ్యాపారి, ఒక విషయం మనసును తొలిచేస్తుంటే, తానెవరో చెప్పకుండా ఎవరినైనా అడిగే వీలుంటే ఎంత బాగుండునని అనుకున్నాడట. అందులోంచి పుట్టినదే ఎథీనియన్ మెర్క్యురీ అనే పత్రిక. రెండువైపులా అచ్చయిన ఒకే ఒక కాగితం అది. పాఠకులు పేరు లేకుండా పెన్నీ తపాలాలో ప్రశ్నలు పంపేవారు. ఒక కాఫీ హౌస్ చిరునామాకు అవి చేరేవి. జవాబులు రాసేది ఎథీనియన్ సొసైటీ అని ప్రకటించుకున్నారు. పేరు వింటే పెద్ద పండితసభ అనిపిస్తుంది గానీ, నిజానికి అందులో ఉన్నది డంటన్, గణిత ఉపాధ్యాయుడు రిచర్డ్ సాల్ట్, డంటన్ బంధువైన మతాచార్యుడు శామ్యూల్ వెస్లీ, అడపాదడపా సాయపడిన మరొకరిద్దరు. ప్రేమ, పెళ్లి, ప్రమాణభంగం, ఆత్మ గురించిన సందేహాలు, ప్రకృతి శాస్త్ర ప్రశ్నలతో పాటు వరసగా అచ్చయ్యేవి. స్త్రీలు కూడా అడగవచ్చని ఆ పత్రిక ప్రకటించింది. ఇది చిన్న విషయం కాదు. తండ్రికో భర్తకో తెలియకుండా ఒక స్త్రీ తన ధర్మసందేహాన్ని లోకం ముందు పెట్టి, జవాబు చదువుకోగలిగింది. 1697 వరకు నడిచిన ఆ ఒంటి కాగితం, పేరు దాచుకునే స్వేచ్ఛను సామాన్యుడికి ఇచ్చింది. దాంతో పాటు జవాబు చెప్పేవారు కూడా తెర వెనక్కి వెళ్లారు. చెప్పిన సలహా వల్ల ఎవరి కాపురం నిలిచిందో ఎవరిది కూలిందో వారికి తెలిసే దారి లేదు. నా దృష్టిలో ఆధునిక కాలపు మలుపు ఇదే.

తరవాతి శతాబ్దపు తత్వవేత్తలు అసలు అడగడమే బలహీనత అన్నారు. తన బదులు ఆలోచించే పుస్తకం, తన బదులు అంతరాత్మగా ఉండే గురువు, తన బదులు పథ్యం నిర్ణయించే వైద్యుడు దొరికితే మనిషి ఎన్నటికీ ఎదగడని 1784లో ఇమ్మాన్యుయేల్ కాంట్ రాశాడు. చదువు, తీరిక ఉన్నవారికి ఆ మాట ఊపిరి పోసింది. అవి లేనివారి సంగతి ఎవరు చూడాలన్న ప్రశ్న తరవాత వంద ఏళ్లూ ప్రభుత్వాలను వెంటాడింది.

దానికి ఫ్రాన్సు ఇచ్చిన జవాబు బడి. 1882 మార్చి 28 నాటి చట్టం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మతబోధను తీసివేసి, దాని స్థానంలో నీతి, పౌర విద్యను పెట్టింది. పల్లెటూరి ఉపాధ్యాయుడు ఒక్కసారిగా నీతి చెప్పే బాధ్యతను నెత్తికెత్తుకోవలసి వచ్చింది. ఏది చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? 1883 నవంబరు 17న విద్యామంత్రి జూల్ ఫెర్రీ ఉపాధ్యాయులకు రాసిన లేఖలో ఒక కొలబద్ద ఇచ్చాడు. పిల్లలకు ఏదైనా నీతి చెప్పబోయే ముందు, ఈ మాట విని నొచ్చుకునే నిజాయితీపరుడు ఒక్కడైనా నాకు తెలిసినవారిలో ఉన్నాడా అని ప్రశ్నించుకో. ఒక్క తండ్రి నీ తరగతిలో కూర్చుని వింటే మనస్ఫూర్తిగా ఒప్పుకోలేడనిపిస్తే ఆ మాట అనకు. లేదంటే ధైర్యంగా చెప్పు. పసిపిల్లల మనసు అంత సున్నితమైనది మరొకటి లేదు కనుక జాగ్రత్త ఎంత పడినా తక్కువేనని కూడా రాశాడు. అధికారంలో ఉన్న మనిషి ఇంత వినయంతో నీతి గురించి రాయడం అరుదు. కానీ ఎవరూ నొచ్చుకోని నీతి తప్పకుండా పలచబడుతుంది. అబద్ధమాడకు, దొంగతనం చేయకు అన్నంతవరకు అది సాగుతుంది. రెండు మంచిపనుల మధ్య ఒకటే చేయగలిగినప్పుడు ఏది వదులుకోవాలో చెప్పే దగ్గర ఆగిపోతుంది. మతం మాటున దాగిన సమష్టి బలాన్ని వెలికితీసి బడికి ఇవ్వకపోతే మిగిలేది ఈ పలచని నీతేనని సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖీమ్ 1902–03లో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాల్లో హెచ్చరించాడు.

బడి దాటాక మళ్లీ పత్రికే దిక్కయింది. న్యూయార్క్‌లో తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిద్దిష్‌లో వెలువడే ఫార్వర్ట్స్ దినపత్రికలో 1906 జనవరిలో సంపాదకుడు అబ్రహాం కహాన్ ఉత్తరాల కట్ట అనే అర్థం వచ్చే పేరుతో ఒక శీర్షిక మొదలుపెట్టాడు. తూర్పు ఐరోపా నుంచి వచ్చిపడిన వలసజీవులు, పాత ఊళ్లో అయితే రబ్బీ దగ్గరికి మోసుకెళ్లే ప్రశ్నలను ఇక్కడికి పంపారు. రాయడం రానివారు ఇతరుల చేత రాయించి పంపారు. ఊరు మారితే ధర్మం మారుతుందా అన్నదే ఆ ఉత్తరాల్లో చాలావాటి అడుగున ఉన్న సందేహం.

ఇరవయ్యో శతాబ్దంలో నీతి నిపుణుల చేతికి వెళ్లిందన్న మాటలో చాలావరకు నిజం ఉంది. అయితే ఆ నిపుణుల మీద నమ్మకం చెడటం నుంచే ఆ కథ మొదలవుతుంది. నాజీ నిర్బంధ శిబిరాల్లో మనుషుల మీద ప్రయోగాలు చేసిన వైద్యులపై న్యూరెంబర్గ్‌లో 1946 డిసెంబరు నుంచి 1947 ఆగస్టు వరకు విచారణ జరిగింది. ఆ తీర్పులోని పది సూత్రాల్లో మొదటిది, ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్నది. చదువు నీతికి హామీ కాదని తేలిపోయాక, వైద్యుడు ఒంటరిగా తీసుకోకూడని నిర్ణయాలు ఉన్నాయన్న ఆలోచన బలపడింది.

దాని ఫలితం అమెరికాలోని సియాటిల్‌లో కనిపించింది. 1960లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు, కిడ్నీలు పూర్తిగా పాడైనవారికి పదేపదే డయాలిసిస్ చేయడానికి వీలుగా చేతి రక్తనాళాలకు అమర్చే గొట్టాన్ని తయారుచేశాడు. 1962లో కేంద్రం తెరిచారు; మంచాలు మూడే. బతకగలిగినవారు అంతకు ఎన్నో రెట్లు. ఎవరికి చోటివ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. న్యాయవాది, మతాచార్యుడు, బ్యాంకు ఉద్యోగి, గృహిణి, ప్రభుత్వ అధికారి, కార్మిక నాయకుడు, శస్త్రవైద్యుడు. వారి పేర్లు రోగులకు తెలియవు, రోగుల పేర్లు వారికి తెలియవు. వయసు, పెళ్లి, పిల్లలు, ఆదాయం, చదువు, ఉద్యోగం, చర్చికి వెళ్లే అలవాటు వంటివి చూసి నిర్ణయించేవారు. 1962 నవంబరులో లైఫ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టేసరికి దేశం ఉలిక్కిపడింది. ఆ ఏడుగురూ దుర్మార్గులు కారు. చేతనైనంత శ్రద్ధగా కూర్చుని, నలిగిపోయినవారే. అయినా తమలాంటి బతుకులు బతికినవారి వైపే తూకం మొగ్గిందన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం. ముఖం చూడకపోతే పక్షపాతం ఉండదనుకున్నారు. ముఖం చూడకపోవడం వల్ల మనిషి ఒక దరఖాస్తుగా మిగిలాడు. 1972లో అమెరికా ప్రభుత్వం డయాలిసిస్ ఖర్చును భరించే చట్టం చేశాకే ఆ ఎంపిక అవసరం తీరింది. ఆస్పత్రుల్లో ఇవాళ ఉన్న ఎథిక్స్ కమిటీలకు మూలాలు వెతికేవారు ఆ గదిని దాటిపోలేరు.

దాదాపు అదే కాలంలో లండన్‌లో మరో దారి తెరుచుకుంది. చాడ్ వారా అనే మతాచార్యుడు 1935లో ఒక బాలికకు అంత్యక్రియలు జరిపించాడు. మొదటిసారి రుతుస్రావం కాగానే అదేదో చెడ్డ రోగమనుకుని, అడగడానికి ఎవరూ లేక ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. ఆ సమాధి దగ్గర కలిగిన బాధ ఆయనను వదలలేదు. 1953 నవంబరులో తన చర్చిలో ఒక టెలిఫోను పెట్టి, చనిపోవాలనుకునేవారు ఎవరైనా ఫోన్ చేయవచ్చని ప్రకటించాడు. జనం రావడం మొదలైంది. వచ్చినవారు తమ వంతు కోసం బయట ఎదురుచూస్తుంటే, సాయానికి వచ్చిన మామూలు మనుషులు వారికి టీ ఇచ్చి పక్కన కూర్చునేవారు. కొన్ని వారాలకు వారా ఒకటి గమనించాడు. అలా కూర్చుని మాట్లాడాక చాలామంది లోపలికి వచ్చి ఆయనను కలవవలసిన అవసరం లేకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. 1954 ఫిబ్రవరిలో ఆయన ఫోన్లు ఎత్తే పనిని ఆ టీ ఇచ్చేవారికే అప్పగించాడు. వారే సమారిటన్లు. తీర్పు చెప్పకుండా, ఇలా చేయమని శాసించకుండా, విన్నది బయటపెట్టకుండా కూర్చోవడం వారి పద్ధతి.

యంత్రం ప్రవేశించింది సరిగ్గా ఈ వినే కుర్చీలోకే. 1966లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రామును ప్రకటించాడు. ఎదుటివారి మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికేమీ తెలియదు. నెలల తరబడి ఆయన దాన్ని తయారుచేయడం చూసిన సొంత కార్యదర్శే, దానితో నాలుగు మాటలు మాట్లాడాక, కాస్త గది బయటకు వెళ్తారా అని ఆయనను అడిగింది. ఆ సంఘటన ఆయనను జీవితమంతా కలవరపెట్టింది. యంత్రం చేయగలిగినా, చేయించకూడని పనులున్నాయని 1976లో ఆయన రాసిన పుస్తకం వాదించింది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఆ గది తలుపు అందరికీ తెరుచుకుంది. అర్ధరాత్రి అయినా విసుక్కోదు, ఎవరితోనూ పోల్చి చిన్నబుచ్చదు, పేరు అడగదు. డంటన్ కోరుకున్న రహస్యం, సమారిటన్ల ఓపిక రెండూ అందులో ఉన్నట్టే కనిపిస్తాయి. అడిగేవారు చెప్పిన కథనే నమ్మి, వారికి అనుకూలంగా మొగ్గే స్వభావం వీటిలో ఉందని తయారుచేసినవారే ఒప్పుకున్నారు. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానాలా అని అడిగినవారికి తోబుట్టువులు ఉన్నారో లేదో, ఆ తల్లి ఏమి కోరుకుంటోందో, అడిగినవారు చెబితే తప్ప యంత్రానికి తెలియదు. చెప్పకపోతే అది ఆగి అడుగుతుందన్న నమ్మకం లేదు. మనిషి పరిస్థితులను ఓపిగ్గా విచారించాలని 1215లో గురువుకు విధించిన షరతు ఇక్కడ ఎవరి మీదా లేదు. విన్నది బయటపెట్టకూడదన్న రెండో షరతు సంగతి ఇంకా తీవ్రమైనది. వైద్యుడితో, న్యాయవాదితో చెప్పుకున్న మాటకు ఉన్న చట్టరక్షణ యంత్రంతో చెప్పుకున్న మాటకు చాలా దేశాల్లో లేదు. ఆ రాత్రి టైపు చేసిన ప్రతి వాక్యం ఒక కంపెనీ సర్వర్లలో నిలిచి ఉండవచ్చు, కోర్టు అడిగితే బయటికి రావచ్చు.