మూర్ఛ జన్యువులు మందుల చీటీ దాకా వచ్చిన దారి

పసివయసులోనే ఫిట్స్ మొదలైన బిడ్డకు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఎంఆర్ఐతో పాటు జన్యు పరీక్ష కూడా రాయడం ఇవాళ మామూలైపోతోంది. కాస్త రక్తం తీసి పంపిస్తే కొన్ని వారాలకు రిపోర్టు వస్తుంది. ముప్పై ఏళ్ల కిందట ఈ మాట అంటే న్యూరాలజిస్టులే నమ్మేవారు కాదు. పరిశోధకులు జన్యువును పట్టుకోవడానికీ, ఆ సంగతి డాక్టర్ రాసే మందును మార్చడానికీ మధ్య చాలా కథ నడిచింది.

మూర్ఛ వంశంలో నడవొచ్చన్న ఊహ మాత్రం పాతదే. సుమారు 2,400 ఏళ్ల కిందట, హిప్పొక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు వైద్య గ్రంథమే ఇది దేవతల ఆగ్రహం కాదనీ, మెదడుకు వచ్చే జబ్బనీ, తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తుందనీ రాసింది. ఇరవయ్యో శతాబ్దంలో బోస్టన్‌కు చెందిన విలియం లెన్నాక్స్ కవల పిల్లలను పరిశీలించి, ఒకే పోలిక కవలల్లో ఇద్దరికీ మూర్ఛ ఉండటం ఎక్కువని చూపించాడు. అయితే అదే కాలంలో వారసత్వం అనే మాటను దారుణంగా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. పిల్లలు పుట్టకుండా నిర్బంధంగా ఆపరేషన్ చేసేందుకు 1933లో జర్మనీ తెచ్చిన చట్టంలో వంశపారంపర్య మూర్ఛను కూడా చేర్చారు. ఆ తర్వాత చాలాకాలం రోగి కుటుంబం ముందు వారసత్వం మాట ఎత్తడానికి డాక్టర్లు జంకారంటే ఆశ్చర్యం లేదు.

1995లో మొదటి గట్టి ఆధారం దొరికింది. ఆస్ట్రేలియాలో ఒక పెద్ద కుటుంబంలో తరతరాలుగా కొందరికి నిద్రలోనే ఫిట్స్ వస్తున్నాయి. ఇలాంటివాటిని పీడకలలనో, మానసిక సమస్యనో పొరబడటం పరిపాటి. మెల్‌బోర్న్‌కు చెందిన శామ్యూల్ బెర్కోవిచ్, ఇంగ్రిడ్ షెఫర్, జర్మనీకి చెందిన ఓర్‌ట్రుడ్ స్టైన్‌లైన్ కలిసి సీహెచ్‌ఆర్‌ఎన్‌ఏ4 అనే జన్యువులో మార్పును పట్టుకున్నారు. 1998లో పుట్టిన కొద్ది రోజులకే వచ్చే ఒక రకం ఫిట్స్‌కు కేసీఎన్‌క్యూ2, కేసీఎన్‌క్యూ3 జన్యువులు కారణమని తేలింది. ఇవన్నీ నాడీకణాల పొరలో సోడియం, పొటాషియం లాంటివి వచ్చిపోయే అయాన్ చానెళ్లకు సంబంధించినవే. పరిశోధకులకు పండగ. కానీ ఇవి అరుదైన కుటుంబాల సంగతులు కావడంతో మామూలు క్లినిక్‌లో పెద్దగా ఏమీ మారలేదు.

మార్చింది ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువు. నా లెక్కలో జన్యు పరీక్ష అసలు చరిత్ర ఇక్కడే మొదలవుతుంది.

ఫ్రాన్స్‌కు చెందిన షార్లెట్ డ్రావే 1978లో ఒక తీవ్రమైన మూర్ఛను వర్ణించారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆరు నెలల వయసు అటూఇటుగా, తరచూ జ్వరంలోనో వేడినీళ్ల స్నానం తర్వాతో, ఒంటికి ఒకవైపే కొట్టుకునే ఫిట్ వస్తుంది. ఎంతకీ ఆగదు. ఏడాది, రెండేళ్లు దాటేసరికి మాటా నడకా వెనకబడతాయి. 2001లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ బృందం ఇలాంటి ఏడుగురు పిల్లలను పరీక్షిస్తే, ఏడుగురిలోనూ ఎస్‌సీఎన్1ఏ జన్యువు దెబ్బతిని ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ మార్పు వాళ్ల తల్లిదండ్రుల్లో లేదు. బిడ్డలోనే కొత్తగా పుట్టింది. ‘మా వంశంలో ఎవరికీ లేదు, మరి జన్యువులది అంటారేంటి?’ అన్న ప్రశ్నకు అప్పటికి గానీ సరైన జవాబు దొరకలేదు.

2006లో ఇంకో సంగతి బయటపడింది. టీకా వేశాక మెదడు దెబ్బతిందని అనుకున్న 14 మందిని బెర్కోవిచ్ బృందం పరీక్షించింది. వాళ్లలో 11 మందికి ఎస్‌సీఎన్1ఏ మార్పు ఉన్నట్టు తేలింది. టీకా తర్వాత వచ్చే జ్వరం మొదటి ఫిట్‌ను కాస్త ముందుకు లాగి ఉండొచ్చు గానీ, జబ్బు పుట్టుకతోనే ఉంది. బిడ్డను టీకాకు తీసుకెళ్లిన పాపానికి ఏళ్లతరబడి కుమిలిపోయిన అమ్మానాన్నలకు ఆ రిపోర్టు విలువ ఎంతో వేరే చెప్పాలా?

మందుల విషయంలోనూ లెక్క తిరగబడింది. మూర్ఛకు విరివిగా వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ సోడియం చానెళ్లను అణిచిపెడతాయి. ఎస్‌సీఎన్1ఏ తయారుచేసే సోడియం చానెల్ ఎక్కువగా పనిచేసేది మెదడు ఉద్రేకానికి బ్రేకు వేసే కణాల్లో. అసలే అరిగిన బ్రేకును ఈ మందులు ఇంకా వదులు చేస్తాయి, ఫిట్స్ పెరుగుతాయి. అంటే రిపోర్టు చేతికొస్తే ఏ మందు ఆపాలో తెలుస్తుంది. పోల్గ్ అనే జన్యువు దెబ్బతిన్నవాళ్లకు వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు ఇస్తే కాలేయం పాడై ప్రాణం మీదికి రావొచ్చు. అక్కడా అంతే. మెదడుకు గ్లూకోజ్ అందించే జన్యువు చెడితే మాత్రం మందుల కన్నా కొవ్వు ఎక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం బాగా పనిచేస్తుంది.

ఆ రోజుల్లో ఒక్కో జన్యువునూ విడిగా చదవాల్సి వచ్చేది. డాక్టర్ సరిగ్గా ఊహిస్తేనే ఫలితం. తర్వాత పదులు, వందల జన్యువులను ఒకేసారి చూసే ప్యానెళ్లు, ఆపైన జన్యువుల్లో ప్రొటీన్లను తయారుచేసే భాగాలన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ సీక్వెన్సింగ్ వచ్చాయి. 2013లో ఎపి4కే అనే పరిశోధకుల బృందం తీవ్రమైన మూర్ఛ ఉన్న 264 మంది పిల్లలనూ, వాళ్ల తల్లిదండ్రులనూ కలిపి పరీక్షించి, కొత్తగా పుట్టే మార్పుల పాత్ర ఎంత పెద్దదో చూపించింది.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. ప్రతి మనిషిలోనూ వేలాది మార్పులు ఉంటాయి. వాటిలో జబ్బు తెచ్చేదేది, ఉత్తినే ఉన్నదేది? 2015లో అమెరికన్ జన్యువైద్యుల సంఘం వాటిని ఐదు తరగతులుగా విడదీసే పద్ధతి తెచ్చింది. మధ్యలోది ‘ప్రాధాన్యం తేలని మార్పు’. రిపోర్టులో ఈ ఒక్క ముక్క పెట్టే టెన్షన్ ఇంతా అంతా కాదు. కొందరు దాన్ని రోగ నిర్ధారణగానే తీసుకుంటారు, అది తప్పు. ల్యాబులు తొందరపడి ప్యానెళ్లలో చేర్చిన ఎస్‌సీఎన్9ఏ, సీఏసీఎన్‌ఏ1హెచ్ లాంటి జన్యువులకు మూర్ఛతో సంబంధం సందేహాస్పదమని ఆ తర్వాత నిపుణుల సమీక్షలో తేలింది. ఆరోగ్యవంతుల జన్యువులను పెద్ద సంఖ్యలో చదివి పోల్చాక గానీ ఈ గందరగోళం కొంతైనా తగ్గలేదు.

కారణం తెలిసినంత మాత్రాన మందు దొరుకుతుందన్న ఆశకూ దెబ్బలు తగిలాయి. కేసీఎన్‌టీ1 మార్పు ఉన్న ఒక బిడ్డకు క్వినిడిన్ అనే పాత గుండె మందు పనిచేసిందని 2014లో వార్త వచ్చింది. 2018లో పద్ధతి ప్రకారం చేసిన చిన్న ట్రయల్‌లో అది పనిచేయలేదు, పైగా గుండె లయ మీద ప్రభావం చూపింది. ఎస్‌సీఎన్2ఏ ఇంకో మెలిక. మూడు నెలల లోపు ఫిట్స్ మొదలైనవాళ్లకు సోడియం చానెల్ మందులు తరచూ మేలు చేస్తాయి, ఆ తర్వాత మొదలైనవాళ్లకు అవే కీడు చేయొచ్చు. జన్యువు పేరు ఒక్కటే చూసి మందు రాయడానికి లేదు.

కారణం తెలియని మూర్ఛ ఉంటే ఏ వయసువాళ్లకైనా జన్యు పరీక్ష చేయాలని అమెరికన్ జెనెటిక్ కౌన్సెలర్ల సంఘం 2022లో సిఫారసు చేసింది. అప్పటి పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఎక్సోమ్ పరీక్షలో కారణం దొరికేది నూటికి 24 మందికే. పెద్దల్లో ఎక్కువగా కనిపించే మామూలు మూర్ఛల్లో బోలెడు జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి. వాటిని తేల్చి చెప్పే పరీక్ష ఇంకా క్లినిక్‌కు రాలేదు.

ఏమీ దొరకలేదన్న రిపోర్టును కూడా రెండు మూడేళ్లకోసారి మళ్లీ విశ్లేషించమని అడగడం మంచిది. కొత్త జన్యువులు బయటపడేకొద్దీ పాత డేటాలోంచే జవాబు దొరికిన సందర్భాలున్నాయి. ఇక 2001కి ముందు పెరిగి పెద్దయినవాళ్ల సంగతి వేరు. వాళ్లలో చాలామందికి ఈ పరీక్ష ఎవరూ చేయనేలేదు, చిన్నప్పుడు రాసిన కార్బమజెపిన్‌నే కొందరు ఇప్పటికీ మింగుతున్నారు.